ఇస్ఫహాన్‌లో చాయ్ ముట్టని రాయబారి

ఇరాన్ పోయి వచ్చానంటే మా గోదావరిఖనిలో అందరూ అడిగిన మొదటి ప్రశ్న ఒక్కటే. "ఆడ బొగ్గున్నదా?" ఉందో లేదో నాకు తెలియదు. నేను చూసిన ఊళ్ళో గుమ్మటాలున్నాయి, వంతెనలున్నాయి, తివాచీలున్నాయి. బొగ్గు మాత్రం కనబడలేదని చెబితే అడిగినవాళ్ళు నా వైపు జాలిగా చూశారు, మరి అంత దూరం పోయి ఏం చూసినట్టు అని. అలా జాలిపడ్డవాళ్ళందరికీ ఒకేసారి చెప్పినట్టుంటుందని ఇది రాస్తున్నాను.

నా ఉద్యోగకాలంలో సగానికి పైగా నేను పిట్ సెక్రటరీని. అంటే ఒక గనికి యూనియన్ తరఫున మాట్లాడే మనిషిని. కార్మికుల మాట మేనేజర్‌కూ, మేనేజర్ మాట కార్మికులకూ చేరవేసి ఇద్దరిచేతా తిట్లు తినడం ఆ పదవిలోని గౌరవం. ఆ పనికి మా దగ్గర ఒక నియమం ఉంది. మేనేజర్ గదిలో చాయ్ ముట్టకూడదు. డిమాండు మీద సంతకం పడేదాకా కప్పు టేబుల్ మీదే చల్లారాలి. ఒక్క గుక్క తాగామా, మనం మెట్లు దిగేలోపే క్యాంటీన్‌లో "సెక్రటరీ అమ్ముడువోయిండు" అని మాట పుడుతుంది. ఈ నియమం మా గనుల్లో అందరికీ తెలిసిందే. దీన్ని దేశం దాటించిన ఘనుణ్ణి మాత్రం నేనొక్కడినే అయి ఉంటాను.

ఒకే ఒక్క డిమాండు: గోదావరిఖని

మా గని దారిలో రజా ఇరానీ హోటల్ ఉంది. దాన్ని పెట్టింది రజా తండ్రి కాజిం సేఠ్. ఆయన పుట్టిన ఊరు ఇస్ఫహాన్. మీసాలు వచ్చీరాని వయసులో అక్కడినుంచి బయలుదేరి, బొంబాయి, హైదరాబాద్ తిరిగి, గనులు పడ్డ చోట చాయ్ అమ్ముడుపోతుందని మా దగ్గర ఆగిపోయాడు. మంచిర్యాల పిల్లను చేసుకున్నాడు. మా తెలుగు మాకన్నా బాగా మాట్లాడేవాడు. పోయిన వానాకాలం కన్నుమూశాడు.

పోయేముందు కొడుకును దగ్గరికి పిలిచి ఒకే మాట అడిగాడట. ఇస్ఫహాన్‌లో తనను తల్లిలా పెంచిన అక్క ఉంది. ఆమెతో కొట్లాడి ఇల్లు విడిచి వచ్చాడు. తరువాత ఎన్ని ఉత్తరాలు రాసినా ఆమె జవాబివ్వలేదు, తమ్ముడి పేరు కూడా నోట రానివ్వలేదు. చనిపోయేవాడిని బతికున్నవాళ్ళు మాఫ్ చేయాలి, లేకుంటే పోయిన మనిషికి అక్కడ నిమ్మళం ఉండదని వాళ్ళ నమ్మకం. ఆమె పోకముందే ఆ మాట చెప్పించుకు రమ్మన్నాడు.

రజా నా దగ్గరికి వచ్చి కూర్చున్నాడు. "కాక, నువ్వు నా తోడ రావాలె. నాకు అడుగుడు రాదు. నోరు తెరిస్తే ఏడుపొస్తది."

"ఆమెకు తెలుగొస్తదా?"

"రాదు. నాకు ఫార్సీ మాట్లాడ రాదు. అయినా నువ్వు మేనేజర్ తోటి మాట్లాడినప్పుడు ఆయనకు తెలుగొచ్చేదా ఏంది?"

ఆ మాట నిజమే. పైగా ఒకే ఒక్క డిమాండు. పేజీలకొద్దీ డిమాండ్ల పత్రాలు చూసినవాణ్ణి, ఒక ముసలావిడ చేత ఒక మాట అనిపించడం నాకొక లెక్కా అనుకున్నాను. కాజిం సేఠ్ మీద నాకున్న గౌరవం వేరే ఉంది. దాన్ని ఇస్ఫహాన్‌లో చెప్పాల్సి వచ్చింది కాబట్టి అక్కడే చెబుతాను.

లేని రాష్ట్రం నుంచి: టెహ్రాన్

విమానాశ్రయంలో అధికారి మా పాస్‌పోర్టులు తిప్పి చూసి ఇండియాలో ఎక్కడినుంచి అని ఇంగ్లీషులో అడిగాడు. తెలంగాణ అన్నాను. ఆయన కంప్యూటర్‌లో వెతికాడు. దొరకలేదు. దొరకదు మరి, మా రాష్ట్రం ఇంకా ధర్నాల్లోనే ఉంది. రజా నా మోచేయి లాగి "కాక, ఇక్కడ గూడ ఉద్యమం షురూ జేసినవా, జల్ది హైదరాబాద్ అని చెప్పు" అన్నాడు. హైదరాబాద్ అనగానే ముద్ర పడింది.

తరువాత నా సంచి విప్పారు. మా ఆవిడ బియ్యప్పిండితో కాల్చి కట్టిచ్చిన సర్వపిండి బయటపడింది. మధ్యమధ్య వేళ్ళతో పొడిచిన రంధ్రాలున్న ఆ గుండ్రటి బిళ్ళలను తనిఖీ చేసేవాడు వెలుతురుకు పట్టి చూశాడు. ఏదో యంత్రం తాలూకు భాగమనుకున్నాడేమో. నేను ఒక ముక్క తుంచుకు తిని చూపించాను. ఆయనా తిన్నాడు. ఇంకోటి తీసి పక్కన పెట్టుకుని మమ్మల్ని పొమ్మన్నాడు. ఈ సంగతి చెప్పినప్పటినుంచి ఇంట్లో మా ఆవిడ ముందు నోరెత్తే పరిస్థితి లేదు.

అన్నం లేని బిర్యానీ: ఇస్ఫహాన్

బస్సు దిగి టాక్సీ ఎక్కాం. దిగేటప్పుడు ఎంతివ్వాలని సైగ చేస్తే డ్రైవర్ గుండెమీద చెయ్యి పెట్టుకుని ఏదో అన్నాడు. మీలాంటివాళ్ళ దగ్గర డబ్బులు తీసుకోవడమా, వద్దు వద్దు అని భావం. ఎంత మంచి మనిషి! నేను కావలించుకున్నంత పని చేసి, చేయి కలిపి, సామాను దింపుకుని నడిచాను. ఆ మంచి మనిషి వెనకనుంచి అరుచుకుంటూ పరుగెత్తుకొచ్చాడు. తరువాత తెలిసింది, అక్కడ వద్దనడం మర్యాద. రెండుసార్లు వద్దంటారు, మూడోసారికి తీసుకుంటారు. దుకాణంలో, ఇంట్లో, అన్నిచోట్లా ఇదే వరస. మా దగ్గర ఆటోవాడు వద్దన్నాడంటే బేరం కుదరలేదని అర్థం.

ధరలు రియాళ్ళలో రాస్తారు, తోమాన్లలో చెబుతారు. మధ్యలో ఒక సున్నా మాయమవుతుంది. దాన్ని వెతుక్కునే బాధ్యత కొనేవాడిది.

మధ్యాహ్నం హోటల్‌లో "బిర్యానీ" అన్న మాట వినబడి రజా, నేనూ ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. ఇల్లు చేరినంత సంబరమైంది. వచ్చింది చూస్తే రొట్టె మీద గుండ్రంగా ఒత్తి వేయించిన మటన్ ఖీమా, పక్కన తులసి లాంటి ఆకులు, ఉల్లిగడ్డ. అన్నం ఒక్క మెతుకు లేదు. ఇక్కడ బిర్యానీ అంటే ఇదేనట, మాది చూస్తే వాళ్ళకూ ఇంతే ఆశ్చర్యం కావచ్చు. రజా చాలాసేపు దాన్ని చూసి "మా అబ్బ ఇది విడిచిపెట్టొచ్చిండంటె ఆయన తప్పేం లేదు కాక" అన్నాడు. తినడం మొదలుపెట్టాక మాత్రం ఇంకో ప్లేటు చెప్పాడు.

పేరు మోసుకొచ్చిన ఊరు: జుల్ఫా

ఆ ఊరి నది మీద ముప్పైమూడు కమానుల వంతెన ఉంది. కింద నీళ్ళు లేవు. ఎండాకాలం గోదావరి చూసిన కళ్ళకు అది కొత్త కాదు కాబట్టి వంతెననే చూసుకుంటూ అవతలి ఒడ్డుకు నడిచాం. అది జుల్ఫా, ఆర్మీనియన్ల పేట. బయటినుంచి చూస్తే మసీదులాంటి గుమ్మటం, లోపలికి పోతే గోడలనిండా ఏసుక్రీస్తు కథ. ఏ గుడిలో ఉన్నామో తెలియక రజా చెప్పులు విడవాలా వద్దా అని గుమ్మంలో నిలబడిపోయాడు.

"నడువ్ రజా, జల్ది" అన్నాను. అంతే, ఎదురుగా బట్టల దుకాణంలోంచి ఒక పెద్దమనిషి హిందీలో కేకేశాడు. "జల్దీ ఎందుకు? చాయ్ తాగి పొండి!"

ఆయన పేరు వార్తాన్. జుల్ఫా ఆర్మీనియన్. చిన్నప్పుడు కలకత్తాలో ఆర్మీనియన్ పిల్లల బడిలో చదివాడట. ఆయన హిందీలో లింగాలన్నీ తారుమారయ్యేవి. నా హిందీకీ అదే జబ్బు కాబట్టి మా స్నేహం వెంటనే కుదిరింది.

మేం వచ్చిన పని విని ఆయన పెద్దగా నవ్వాడు. "రాయబారానికి వచ్చి సరిగ్గా రాయబారుల పేటలోకే వచ్చారు. నాలుగు వందల ఏళ్ళనాడు ఇది మా ఇంటి పని."

దుకాణం మూసి మమ్మల్ని పేటంతా తిప్పుతూ చెప్పాడు. వీళ్ళ పాత జుల్ఫా ఎక్కడో ఉత్తరాన నది ఒడ్డున ఉండేది. తుర్కులతో యుద్ధంలో అది శత్రువుకు దక్కకూడదని అప్పటి ఇరాన్ రాజు షా ఊరు ఖాళీ చేయించి తగలబెట్టించాడు. జనాన్ని నడిపించి ఇక్కడికి తెచ్చాడు. దారిలో చాలామంది పోయారు. మిగిలినవాళ్ళకు స్థలమిచ్చి, చర్చి కట్టుకోనిచ్చి, పట్టు వ్యాపారం చేతిలో పెట్టాడు. వాళ్ళు కొత్త ఊరికి పాత ఊరి పేరే పెట్టుకున్నారు.

ఇందులో నాకు అర్థంకానిది ఏమీ లేదు. రామగిరి పక్కన నేలంతా పైనుంచి తవ్వే ఓపెన్ కాస్ట్ గని కింద పోయిన ఊళ్ళను లేపి, వరసగా ప్లాట్లు గీసి, పాత పేరే బోర్డు మీద రాసి నిలబెట్టడం మేం చూస్తున్నదే. తగలబెట్టకుండా నోటీసు ఇస్తున్నారు, అదీ తేడా.

"ఊరు కాల్చినవాడి తరఫునే రాయబారానికి పోయిండ్రా?" అని అడిగాను.

"పోయారు. షాకు యూరప్ రాజులతో పని. పట్టు అమ్మాలి, తుర్కుల మీదికి వాళ్ళను కలుపుకోవాలి. తన కొలువులోవాణ్ణి పంపితే అక్కడ నమ్మరు. అక్కడి పాదరీని పంపితే ఇక్కడ నమ్మరు. మా వ్యాపారికి వెనిస్ భాష తెలుసు, మాస్కో దారి తెలుసు, అక్కడి దేవుణ్ణే మొక్కుతాడు. పెళ్ళాం పిల్లలు మాత్రం ఇక్కడ షా నీడలో ఉంటారు. తిరిగి రాక ఎక్కడికి పోతాడు?"

కంపెనీ క్వార్టర్‌లో ఉండేవాడు సెక్రటరీగా ఎన్నికైతే మా మేనేజర్ ముఖం ఎందుకు వెలిగేదో నాకు ఆ రోజు పూర్తిగా తెలిసింది.

"ఒక చంకలో షా జాబు, ఇంకో చంకలో పట్టు మూట. జాబు నచ్చని రాజుకు కూడా పట్టు నచ్చేది. మావాళ్ళు రష్యా జారుకు వజ్రాలు పొదిగిన సింహాసనం తీసుకుపోయి ఇచ్చారు. కానుకంటే కానుకే, కానీ వెనకాలే వ్యాపారానికి ఒప్పందం నడుచుకుంటూ వచ్చింది." చెబుతూ చెబుతూ ఆగి అన్నాడు. "మాకు రాజ్యం లేదు. అందుకే అందరి రాజ్యాల్లోకీ తలుపు తెరుచుకునేది."

మాకూ రాష్ట్రం లేదని చెప్పాను. అయితే నువ్వూ పనికొస్తావన్నాడు. మర్నాడు దుబాసీగా వస్తానని మాటిచ్చాడు.

చల్లారిన గ్లాసు

రజా మేనత్త ఇల్లు పాత బజారు వెనక సందులో ఉంది. నడిమధ్య చిన్న నీటితొట్టి, దానిమ్మచెట్టు. పెద్దావిడ పువ్వుల చాదర్ కప్పుకుని గోడకానుకుని కూర్చుంది. పిడికెడంత మనిషి. రజాను ఎగాదిగా చూసి కూర్చోమంది. కోడలు సన్నటి గాజు గ్లాసుల్లో చాయ్, చక్కెర గడ్డలు, పిస్తాలు దూర్చిన తెల్లటి మిఠాయి తెచ్చి ముందు పెట్టింది.

నేను గొంతు సవరించుకుని మొదలుపెట్టాను. పెద్దలకు నమస్కారం, వచ్చిన పని ఇది, కోరేది ఒకే ఒక్క మాట. వార్తాన్ ఫార్సీలో చెప్పాడు. ఆమె ముందు చాయ్ తాగమంది.

నా చెయ్యి దానంతటదే గ్లాసును పక్కకు జరిపింది. "మాట తేలనీ, తర్వాత తాగుదాం" అన్నాను.

వార్తాన్ నా వైపు అదోలా చూసి ఏదో మెత్తగా చెప్పాడు. ఆమె మళ్ళీ తాగమంది. నేను నవ్వుతూ వద్దన్నాను. రెండుసార్లు వద్దనడం మర్యాదే కదా, ఊరి రివాజు పట్టుకున్నానని లోపల మురిసిపోయాను కూడా. మూడోసారి ఆమె తనే గ్లాసు ఎత్తి నాకందించింది. నేను మేనేజర్ గదిలో చేసినట్టు గ్లాసు మీద అరచెయ్యి మూసి, "ముందు మాఫ్, తర్వాత చాయ్" అన్నాను. ఆ "మాఫ్" అన్న మాటకు దుబాసీ అవసరం లేకపోయింది.

పెద్దావిడ గ్లాసు కింద పెట్టింది. లేచి, గోడ పట్టుకుని లోపలికి పోయింది. తలుపు మూసుకుంది.

మమ్మల్ని సాగనంపుతూ కోడలు వార్తాన్‌తో గబగబా చెప్పిన సంగతి ఆయన సందులో నిలబడి మాకు చెప్పాడు. అక్క చూసిన సంబంధం తమ్ముడు వద్దన్నాడు. మాటా మాటా పెరిగింది. ఆమె చాయ్ పోసి, ముందు ఇది తాగు, తరువాత కొట్లాడుకుందాం అంది. తమ్ముడు గ్లాసును పక్కకు జరిపి లేచిపోయాడు. మళ్ళీ రాలేదు.

రజా నా వైపు తిరిగాడు. చిన్నప్పటినుంచి నన్ను కాక అని పిలిచినవాడు, ఎన్నడూ నా ముందు గొంతు పెంచనివాడు. "మా అబ్బ చేసిన తప్పే నువ్వు మళ్ళ జేసినవ్ కదనే కాక! నిన్ను తీస్కరాకున్నా అయిపోతుండె."

నాకు సిగ్గేసింది. మేనేజర్లు తిడితే తలెత్తుకుని బయటికి వచ్చినవాణ్ణి, ఆ సందులో తల దించుకుని నడిచాను.

వార్తాన్ నా నియమం సంగతి విని గోడకానుకుని నవ్వాడు. తరువాత ఒక కథ చెప్పాడు. షా ఒకసారి తన కొలువు మనిషి వెంట స్పెయిన్ రాజు దగ్గరికి పట్టు పంపాడు. అక్కడ దాన్ని కానుక కింద సమర్పించేశారు. అమ్మకానికి పంపిన సరుకును కానుక చేస్తారా అని షా మండిపడ్డాడు. తిరిగొచ్చిన రాయబారి తల తీయించాడు.

"మీ ఆర్మీనియనేనా?"

"కాదు. వ్యాపారి అయితే ఆ పొరపాటు చేయడు. ఎక్కడ ఏది సరుకో, ఏది కానుకో తెలియకపోతే మేము బతకలేం." నా భుజం తట్టాడు. "ఆ చాయ్ కానుక. నువ్వు సరుకనుకున్నావు. తల ఉంది కదా, రేపు మళ్ళీ వెళ్దాం."

ముందు చాయ్

మర్నాడు పొద్దున వార్తాన్ ఒక్కడే పోయాడు, చంకలో చాదర్ గుడ్డ పెట్టుకుని. వాళ్ళ తాతల కాలంలో ఆ బజారు వెనక ముస్లిం ఇళ్ళవాళ్ళు క్రైస్తవుడని ఆర్మీనియన్ చేతి నీళ్ళు తాగేవాళ్ళు కాదట, ఆర్మీనియన్ తెచ్చిన గుడ్డ మాత్రం కట్టుకునేవాళ్ళట. చాలాసేపటికి తిరిగొచ్చాడు.

"రమ్మంది. ఒకటే షరతు. ముందు చాయ్."

అవతలివాళ్ళ షరతుకు చర్చ లేకుండా ఒప్పుకోవడం నా జీవితంలో అదే మొదలు. వెళ్ళి కూర్చున్నాను. చాయ్ వచ్చింది. చక్కెర గడ్డ తీసి గ్లాసులో వేయబోతే ఆమె నా మణికట్టు పట్టి ఆపింది. గడ్డను పళ్ళ మధ్య పెట్టుకుని తాగి చూపించింది. నేనూ అలాగే తాగాను. మా దగ్గర పాలు లేని చాయ్ జ్వరం వచ్చినవాడికిస్తారు. అయినా చివరి చుక్కదాకా తాగాను. ఆమె మళ్ళీ నింపింది. అదీ తాగాను.

డిమాండు ఊసెత్తలేదు. చేతిలో గ్లాసు ఉండేసరికి వేరే మాట వచ్చింది.

"అమ్మా, నేను పుట్టిన ఊళ్ళో హోటల్ల నాకు వేరే గ్లాసు ఉండేది. చూరుల పెట్టేటోళ్ళు. నేనే తీస్కొని, నేనే కడిగి, మళ్ళ ఆడనే పెట్టాలె. పైనుంచి పోసేటోళ్ళు. గనిల నౌకరి దొరికి గోదావరిఖని వచ్చిన. మొదటి దినం మీ తమ్ముని హోటల్ ముంగట నిలవడి చూరు దిక్కు చూస్తున్న, నా గ్లాసు ఏదా అని. ఆయన లోపలికి పిలిచిండు. కుర్చీల కూసోవెట్టిండు. అందరు తాగే కప్పులనే పోసిచ్చిండు. నేను కడగబోతె చేతిలకెంచి గుంజుకున్నడు. ఆ చాయ్ నేను ఇంక మరువలె."

నా తెలుగు కలిసిన హిందీని వార్తాన్ నెమ్మదిగా ఫార్సీలోకి దించాడు. ఆమె కళ్ళార్పకుండా విన్నది. తనే పోసేవాడా అని అడిగింది. తనే పోసేవాడు, చివరిదాకా, అన్నాను.

అప్పుడామె మాట్లాడింది. మా వైపు కాదు, ఖాళీ గ్లాసు వైపు చూస్తూ. మొదట సన్నగా, పోనుపోను గట్టిగా, వేలు ఆడిస్తూ చాలాసేపు మాట్లాడింది. నాకు అందులో ఒకే ఒక్క ముక్క తెలిసింది. కాజెమ్, అంటే మన కాజిం సేఠ్. రెండుసార్లు అంది. వార్తాన్ నోరు తెరవకముందే రజా కళ్ళు తుడుచుకుంటున్నాడు. అది నేను చూశాను గానీ పట్టించుకోలేదు.

వార్తాన్ మా వైపు తిరిగి హిందీలో అన్నాడు. "మాఫ్ చేశానంటోంది."

రజా ఆమె కాళ్ళ దగ్గర తల పెట్టాడు. ఆమె వాడి వీపు మీద రెండు దెబ్బలు వేసింది. మెల్లగా కాదు, చప్పుడయ్యేట్టే వేసింది.

బయటికొచ్చాక వార్తాన్‌ను పక్కకు పిలిచాను. "అంత పొడుగు మాట మీ నోట్లోకి వచ్చేసరికి రెండు ముక్కలెట్లా అయింది?"

ఆయన చాలా తీరిగ్గా నవ్వాడు. "జాబుల్ని ఉన్నవి ఉన్నట్టు వినిపించే అలవాటు మావాళ్ళకు ఉంటే, జుల్ఫాలో చర్చి ఉండేది కాదు. సమాధులే ఉండేవి."

మళ్ళీ రజా హోటల్‌లో

ఆ జవాబు నా వెంటే వచ్చింది. విమానంలో రజా హాయిగా నిద్రపోతుంటే నాకు నిద్ర రాలేదు. సంతకం లేని ఒప్పందం పట్టుకుని గేట్ మీటింగ్‌లో గెలిచామని చెప్పబోయే సెక్రటరీలా ఉంది నా పని. రామగుండంలో రైలు దిగాక కూడా చెప్పలేకపోయాను. కొన్నాళ్ళు ఆ హోటల్ దారే తప్పించుకు తిరిగాను. చివరికి ఒక మధ్యాహ్నం గిరాకీ లేని వేళ చూసి పోయి, రజాను ఎదురుగా కూర్చోబెట్టి, వార్తాన్ అన్నదంతా చెప్పేశాను.

రజా ఏమాత్రం కంగారుపడలేదు. "నాకు ఎరికే కాక."

"ఎట్ల ఎరికె? నీకు ఫార్సీ రాదు కదరా!"

"మాట్లాడ రాదన్న. సమజ్ గాదన్ననా? మా అబ్బ ఇంట్ల ప్రేమగ మాట్లాడితె తెలుగు, లెక్కలు మాట్లాడితె ఉర్దూ. తిట్టిండంటె మాత్రం ఫార్సీ. తిట్లన్ని నాకు వొస్తయ్."

"అయితే ఆమె ఏమన్నది మరి?"

రజా బల్ల తుడుస్తూ చెప్పాడు. "'ఓరి కాజిం, గాడిదా, ఊరందరికి పోసి తాపినవ్, అక్క పోసింది ఒక్క గ్లాసు తాగనీకి నోరు రాలేదా నీకు? ఉండు, నేను గూడ వొస్తున్న. వొచ్చి నీ చెవి మెలేస్త, అప్పుడు తాగుతవ్ కాజిం' అన్నది."

ఇంకా ఏదో మిగిలి ఉందేమోనని చూశాను. మిగిలింది లేదు.

"మాఫ్ అన్న మాటే లేదు కదరా ఇందుల."

"గాడిద అన్నది గదా కాక" అన్నాడు రజా. "మా అబ్బ నన్ను గాడిద అని తిట్టినప్పుడల్లా, తర్వాత పిల్చి పక్కల కూసోవెట్టుకొని తినవెట్టేటోడు. ఆమె గిన్నేండ్లు పేరు గూడ తియ్యలె. తీస్తె గట్ల తీసింది. ఆ వార్తాన్ ముసలాయన జెప్పిన రెండు ముక్కలల్ల అబద్ధం ఏమున్నది?"

లోపలికి పోయి తనే చాయ్ పోసుకొచ్చి నా ముందు పెట్టాడు. అంతలో మొదటి షిఫ్టు దిగిన జనం బిలబిలమంటూ లోపలికొచ్చారు. ముఖాల మీద బొగ్గు మసి ఇంకా పోలేదు. అందులో ఒకతను నన్ను చూసి అక్కడినుంచే కేకేశాడు. "ఏం సెక్రటరీ కాక, ఇరాన్ వోయి వొచ్చినవట! డిమాండు ఒప్పుకున్నరా మరి?"

"జర ఆగు" అన్నాను, "ముందు చాయ్ తాగనియ్."